మదరాసులో పుట్టి, మదరాసులోనే పోయిన మనిషి

ఆ మధ్య ఎర్రగుంట్లలో యౌవనస్థుల కూటానికి వెళ్ళాము. వాక్యం ముగిసి టీ గ్లాసులు తిరుగుతుండగా, నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తమ్ముడు మమ్మల్ని పక్కకు పిలిచి ఒక మాట అడిగాడు. రాయలసీమ వేరే రాష్ట్రం కావాలని కోరుకోవడం విశ్వాసికి తగునా, తగదా అన్నది అతని ప్రశ్న. రాజధాని ఒకచోట, హైకోర్టు ఒకచోట అని ఏళ్ళ తరబడి విని విని, చివరికి మనకు మిగిలేది మాట ఒక్కటే అయినప్పుడు, కలిసి ఉండి ఏం లాభం అని అతని బాధ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వలేదు, వారించలేదు. అందరూ మా ముఖం చూశారు.

మేము ఆ పూట జవాబు చెప్పలేదు. అవునని గాని కాదని గాని ఒక్క మాటలో తేల్చడం మాకు చేతకాలేదు. దానికి బదులు ఈ పేజీలో ఒక మనిషి బ్రతుకు చెప్పాలని అనిపించింది. పెద్ద భాగస్వామి నీడలో ఉన్న ఉమ్మడి రాష్ట్రం నుండి బయటికి రావాలా అన్న ప్రశ్నకు మన తెలుగువాళ్ళలో ప్రాణంతో జవాబు చెప్పినవాడు ఆయన. పొట్టి శ్రీరాములు పేరు తెలియని పాఠకుడు ఉండడు. విగ్రహం తెలుసు, జిల్లా పేరు తెలుసు. మనిషి మాత్రం అంతగా తెలియడు.

ఆయన 1901 మార్చి 16న మదరాసు జార్జిటౌనులో పుట్టాడు. తండ్రి గురవయ్య, తల్లి మహాలక్ష్మమ్మ. స్వగ్రామం అప్పటి నెల్లూరు జిల్లాలోని పడమటిపల్లె. కోమట్ల ఇల్లు. చదువు మదరాసులోనే కొంతదాకా సాగింది. ఆ తరువాత బొంబాయి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగ్ చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగంలో చేరాడు.

ఇక్కడ ఎర్రగుంట్ల వాళ్ళకు ఒక మాట. మదరాసు నుండి బొంబాయికి రైలు దారి రేణిగుంట, కడప, ఎర్రగుంట్ల, గుంతకల్లు, రాయచూరు మీదుగానే. 1871లో మదరాసు రైల్వే వాళ్ళ పట్టాలు, ఆయన తరువాతి కాలంలో పనిచేసిన కంపెనీ పట్టాలు రాయచూరులో కలిశాయి. కాబట్టి ఇరవై ఏళ్ళ ఆ కుర్రవాడు చదువుకు పోతూ వస్తూ మన స్టేషను దాటి ఉంటాడనుకోవడంలో తప్పులేదు. ఆ స్టేషనులో దిగి పొద్దుటూరుకో జమ్మలమడుగుకో పోయే జనాన్ని కిటికీలోంచి చూసి ఉంటాడు. ఇది మా ఊహే, చరిత్ర కాదు. అయినా ఆ దారిన ప్రయాణం చేసినప్పుడల్లా మాకు గుర్తుకు వస్తుంది.

రైల్వేలో సుమారు నాలుగేళ్ళు పనిచేశాడు. ఇంతలో భార్య పోయింది, పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. ముప్పై ఏళ్ళు నిండకముందే ఇల్లు ఖాళీ అయింది. అలాంటప్పుడు కొందరు మళ్ళీ పెళ్ళి చేసుకుంటారు, కొందరు తాగుడులో పడతారు, కొందరు సన్యాసం పుచ్చుకుంటారు. ఈయన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి సబర్మతిలో గాంధీగారి ఆశ్రమానికి వెళ్ళాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయాడు. ఆ తరువాత కృష్ణాజిల్లా కొమరవోలులో యెర్నేని సుబ్రహ్మణ్యం స్థాపించిన గాంధీ ఆశ్రమంలో కొంతకాలం ఉన్నాడు. వ్యక్తి సత్యాగ్రహం, క్విట్ ఇండియా రోజుల్లో మళ్ళీ జైలు. బయటికి వచ్చాక నెల్లూరు జిల్లాలో రాట్నం, ఖద్దరు ప్రచారం. ఇంతవరకు ఆ తరం దేశభక్తులు చాలామంది బ్రతుకుల్లాగే ఉంది.

తేడా నెల్లూరులో కనబడుతుంది. మేము ఎక్కువసేపు ఆగదలచుకున్నది కూడా ఇక్కడే.

1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయన నిరాహారదీక్షకు కూర్చున్నాడు. ప్రాణం పోయినా సరే అన్న పట్టుతో కూర్చున్నాడు. గుడి తలుపులు తెరుచుకున్నాయి. ఆయన అక్కడితో ఆగలేదు. 1946, 1948 మధ్య దళితుల కోసం ఇలాంటి దీక్షలు మూడు చేశాడు. వారంలో ఒక రోజైనా కలెక్టర్లు దళితుల బాగోగుల మీద పనిచేయాలని మదరాసు ప్రభుత్వం ఆదేశాలిచ్చేదాకా అన్నం ముట్టకుండా ఉన్నది ఆ మూడింటిలో ఒకటి. ఆ రోజుల్లో నెల్లూరు వీధుల్లో అంటరానితనం పోవాలని రాసిన అట్టలు మెడకు తగిలించుకొని, ఎండలో చెప్పులు లేకుండా, తలమీద గుడ్డ లేకుండా ఒంటరిగా తిరిగేవాడు. కులం చూడకుండా ఎవరింట పెట్టినా తినేవాడు. పిచ్చివాడని నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. నవ్వినవాళ్ళలో ఆయన కులంవాళ్ళూ ఉన్నారు, ఆయన పార్టీవాళ్ళూ ఉన్నారు.

మన సంఘాల్లో ఎక్కువమంది తాతముత్తాతలు ఆ గుడి గడప బయట నిలబడినవాళ్ళే. వాళ్ళు గుడి తలుపు తెరుచుకునేదాకా కాచుకోకుండా ప్రభువు తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చారు. అందుకే శ్రీరాములు మనకు సంబంధంలేని మనిషి అనుకుంటాము. ఆయన జయంతికి, వర్ధంతికి ఆర్యవైశ్య సంఘాలు విగ్రహానికి దండ వేస్తాయి, మనం ఆ పక్కనుండి ఆటోలో పోతాము. ఈ విషయంలో మా తప్పు కూడా ఉంది. ఈ పత్రికలో ఇన్నేళ్ళుగా ఎందరో మిషనరీల జీవితాలు రాశాము, ఈయన గురించి ఒక్క పేరా రాయలేదు.

ఇప్పుడు ఉమ్మడి రాష్ట్రం మాట. మదరాసు రాష్ట్రంలో తెలుగు జిల్లాలూ తమిళ జిల్లాలూ కలిసి ఉండేవి. రాజధాని మదరాసు, విశ్వవిద్యాలయం మదరాసు, కొలువులు మదరాసు. చదువులో ఉద్యోగాల్లో తమిళులది పైచేయి అని తెలుగువాళ్ళ ఫిర్యాదు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ నాటినుండి ఈ మాట నలుగుతూనే ఉంది. అది అబద్ధం కాదు. అయితే మన సీమవాళ్ళ దృష్టిలో అది సగం నిజం. ఇటు కడప, అనంతపురం, కర్నూలు, చిత్తూరు జిల్లాల్లో చాలామందికి తమిళులంటే ఎంత జంకో, కోస్తావాళ్ళంటే అంతకు రెండింతలు. కృష్ణా గోదావరి కాలువల కింద పండి, చదివి, సంపాదించినవాళ్ళతో కలిస్తే మన గతి ఏమిటన్నది వాళ్ళ భయం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టి, కేంద్రం ఎక్కడన్న తగవులో అది వాల్తేరు చేరినప్పుడు ఆ భయం ముదిరింది. సీమ కళాశాలలు మదరాసు విశ్వవిద్యాలయం కిందే ఉండిపోయాయి. మదరాసే నయం అన్న నాయకులు ఇటు తక్కువమంది కాదు.

ఆ భయాన్ని తీర్చడానికే 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ ఇంట్లో ఒప్పందం జరిగింది. ఇటునుండి కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు వంటివారు, అటునుండి కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య వంటివారు కూర్చున్నారు. అనంతపురంలో కూడా విశ్వవిద్యాలయ కేంద్రం, నీటిపారుదలలో సీమకూ నెల్లూరుకూ కొన్నేళ్ళపాటు మొదటి హక్కు, శాసనసభలో జిల్లాల వారీగా సమాన స్థానాలు, రాజధాని హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే అవకాశం సీమకు, ఇవీ షరతులు. పెళ్ళికి ముందే ఆడపిల్లవాళ్ళు కాగితం రాయించుకున్నట్టు అనుకోండి. కాగితం ఉంది కదా అని సీమ ఒప్పుకుంది.

స్వరాజ్యం వచ్చాక ధార్ కమిషను వద్దంది. నెహ్రూ, పటేలు, పట్టాభి కలిసి ఇచ్చిన నివేదిక, మదరాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర ఇవ్వవచ్చునంది. తెలుగువాళ్ళు ఆశ వదులుకోలేదు. 1951లో స్వామి సీతారాం గుంటూరులో 35 రోజులు నిరాహారదీక్ష చేసి వినోబా మాట మీద విరమించాడు. ఆ విరమణే తరువాతి దీక్షకు ఒక విధంగా శాపమైంది. ఇలాంటివి చివరికి విరమణతోనే ముగుస్తాయని ఢిల్లీలోనూ మదరాసులోనూ అనుకున్నారు.

1952 అక్టోబరు 19న శ్రీరాములు కూర్చున్నాడు. కాంగ్రెసు పెద్దలు వద్దన్నారు. చోటు ఇచ్చినవాడు ఒక్క బులుసు సాంబమూర్తి. మదరాసు శాసనసభకు ఒకప్పుడు స్పీకరుగా ఉన్న మనిషి తన మైలాపూరు ఇంటిని ఆ దీక్షకు ఇచ్చాడు. ముఖ్యమంత్రి రాజాజీ, ప్రధాని నెహ్రూ. ఒక వారం, రెండు వారాలు, నెల. నెహ్రూ వెంటనే ఏమీ చెప్పలేదు. ఒకరి ఉపవాసానికి లొంగి రాష్ట్రాల హద్దులు గీస్తే రేపు ఇంకొకరు కూర్చుంటారని ఆయన వాదన. పాలకుడి స్థానంలో కూర్చొని ఆలోచిస్తే ఆ వాదన తీసిపారేయదగినది కాదు. కాని మనిషి ఆకలితో ఉంటే ఆలస్యం కూడా జవాబే అవుతుంది.

58 రోజులు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. వయసు 51.

శవయాత్ర వెంట జనం వేలల్లో చేరారు. తెలుగు జిల్లాల్లో రైళ్ళు ఆగాయి, స్టేషన్లు ధ్వంసమయ్యాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అహింసకోసం బ్రతికినవాడి పేరుమీద ఇదంతా జరిగింది. నాలుగు రోజులకు, 19న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని నెహ్రూ ప్రకటించాడు. 58 రోజులు దొరకని మాట నాలుగు రోజుల్లో దొరికింది. 1905లో నార్వే స్వీడనుతో ఉన్న ఉమ్మడి రాజ్యం నుండి ఓటుతో బయటికి వచ్చింది, యుద్ధం జరగలేదు. అలా వెళ్ళే దారులు లోకంలో ఉన్నాయి. మనకు మాత్రం ఒక శవం కావలసివచ్చింది.

ఇక్కడ మా మనసులోని మాట చెప్పాలి. ప్రాణం తీసుకునే ఉపవాసాన్ని మేము విశ్వాసికి సిఫారసు చేయలేము. ప్రభువు అరణ్యంలో నలభై దినాలు ఉపవాసమున్నాడు, ఆ తరువాత ఆకలిగొన్నాడు, భోజనం చేశాడు. ప్రాణం మనది కాదు, ఇచ్చినవాడిది. ఈ మాట మేము వేదాంత కళాశాలలో నేర్చుకున్నాము, ఇప్పటికీ నమ్ముతాము. అయినా ఎదుటివాడి ప్రాణం తీయడం సులువైన దేశంలో తన ప్రాణాన్ని మాత్రమే పణంగా పెట్టినవాడిని, అదీ మొదట తనకంటే తక్కువ అని లోకం అన్నవాళ్ళకోసం పెట్టినవాడిని, పాపి అని పక్కకు నెట్టడానికి మాకు నోరు రాదు.

1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ చేతుల మీదుగా ఆంధ్ర రాష్ట్రం మొదలయింది. శ్రీబాగ్ మాట ప్రకారం రాజధాని సీమకు వచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. ప్రకాశం ముఖ్యమంత్రి, అనంతపురంవాడైన నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. ఆఫీసులు కొన్ని గుడారాల్లో నడిచాయి. మదరాసు నగరం మాత్రం రాలేదు. శ్రీరాములు పుట్టిన వీధి, ఆయన కన్నుమూసిన ఇల్లు రెండూ ఆయన ప్రాణమిచ్చి తెచ్చిన రాష్ట్రం బయటే ఉండిపోయాయి.

కర్నూలు వైభవం మూడేళ్ళు. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదు అయింది. హైకోర్టు కూడా అక్కడికే పోయింది. శ్రీబాగ్ కాగితం బీరువాలోకి వెళ్ళింది. ఈసారి భయపడినది తెలంగాణ. నిన్నటిదాకా తమిళుల పెత్తనం అని మొత్తుకున్నవాళ్ళ పెత్తనానికి భయపడి వాళ్ళూ ఒక కాగితం రాయించుకున్నారు, అదే 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందం. ఆ కాగితానికీ అదే గతి పట్టిందని వాళ్ళు 1969లో రోడ్డెక్కారు, 2014 జూన్ 2న వెళ్ళిపోయారు. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఉన్న శ్రీరాములు పేరును 2025లో తెలంగాణ శాసనసభ తీసివేసి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. మనకు నొప్పిగానే ఉంటుంది. కాని వాళ్ళకు ఆయన ఎవరు? తాము వదిలివచ్చిన ఇంటికి పునాదిరాయి.

వరుసగా చూడండి. తెలుగువాడు తమిళుడి గురించి చెప్పిన మాటనే సీమవాడు కోస్తావాడి గురించి చెప్పాడు, తెలంగాణవాడు మనందరి గురించి చెప్పాడు. మొదటి రాజుల గ్రంథంలో షెకెములో జరిగినది చదువుకున్నవాళ్ళకు ఇది కొత్త కాదు. సొలొమోను పెట్టిన కాడి బరువు తగ్గించమని పది గోత్రాలు అడిగాయి, రెహబాము పెద్దల ఆలోచన వదిలి కుర్రవాళ్ళ మాట విన్నాడు, పది గోత్రాలు వెళ్ళిపోయాయి. వాళ్ళమీద యుద్ధానికి పోవద్దని దేవుడే షెమయా చేత చెప్పించాడు. విడిపోవడమే పాపమని ఆ అధ్యాయం చెప్పదు. యరొబాము పాపం తరువాత మొదలవుతుంది. తన జనం యెరూషలేముకు పోతే చేయిజారిపోతారని భయపడి బేతేలులో ఒకటి, దానులో ఒకటి దూడలు నిలబెట్టాడు. కాడి దింపుతాడని నమ్మి వచ్చినవాళ్ళను అతడు తన గద్దెకోసం వాడుకున్నాడు.

మన సంఘాల చరిత్రలోనూ ఈ తగవు ఉంది. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి కట్టిన లండన్ మిషను సంఘాలు బిషప్పు అన్న మాట ఎరగని సంఘాలు. 1947 సెప్టెంబరు 27న అవి ఆంగ్లికనులతో, మెథడిస్టులతో కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యాయి. అదే సమయంలో నంద్యాల వైపు ఎస్.పి.జి. మిషను సంఘాలు మేము రామని బయటే నిలబడి, చాలాకాలం అలాగే ఉన్నాయి. అటువాళ్ళను ద్రోహులన్నవాళ్ళను, ఇటువాళ్ళను విశ్వాసం అమ్ముకున్నారన్నవాళ్ళను మా చిన్నప్పుడు మేము విన్నాము. అందరూ సమాధుల్లో ఉన్నారు. ఈ రోజు మా ప్రాంతంలోనే ఒక పాస్టరేటు రెండుగా చీలే దశలో ఉంది. కమిటీ అంతా ఒకే కుటుంబం చేతిలో ఉందని మిగతావాళ్ళ గోడు. గోడు నిజమే. కాని చీలిపోతామంటున్నవాళ్ళ కొత్త కమిటీ జాబితా మేము చూశాము. అందులో మాల ఇళ్ళు తప్ప మాదిగ ఇల్లు ఒక్కటి లేదు. ఎందుకని అడిగితే ఆ సంగతి తరువాత చూసుకుందాం అన్నారు.

శ్రీరాములు వరుస వేరు. ఆయన మొదట మూలాపేట గుడి ముందు కూర్చున్నాడు, ఆ తరువాతనే మైలాపూరులో కూర్చున్నాడు. ముందు మనలో చిన్నవాడికి తలుపు తెరిచి, ఆ తరువాత మనకు తలుపు తెరవమని పెద్దవాడిని అడిగాడు. 1953 తరువాత వచ్చిన నాయకులు రెండో దీక్షను పండగ చేసుకొని మొదటి దీక్షను మరచిపోయారు. ఆ మొదటి దీక్ష గుర్తున్న రాష్ట్రమైతే శ్రీబాగ్ కాగితం అంత తేలికగా బీరువాలోకి పోయేది కాదేమో.

అందుకే ఆ తమ్ముడికి మా జవాబు ఇది. సీమ వేరే రాష్ట్రం కావాలని అడగడం పాపం కాదు, కలిసే ఉండాలనడం పుణ్యమూ కాదు. కృష్ణా నీళ్ళు, కొలువులు, హైకోర్టు, ఇవన్నీ న్యాయంగా అడగవలసినవే, గట్టిగా అడగవలసినవే. అడిగే ముందు ఆ కొత్త రాష్ట్రంలో ఎవరు ఎవరికి పెద్దవాళ్ళు అవుతారో లెక్క వేయమంటాము. పులివెందులలో, పొద్దుటూరులో, జమ్మలమడుగులో ఇప్పుడు ఎవరి మాట చెల్లుతోందో, ఎవరి ఇల్లు ఊరి చివర ఉందో ఆ తమ్ముడికి మాకంటే బాగా తెలుసు. నాపరాయి గనుల్లో రాయి కోసేవాళ్ళెవరో, గని కౌలు ఎవరి పేరున ఉందో కూడా తెలుసు.

వచ్చే కూటానికి శ్రీబాగ్ ఒప్పందం ప్రతులు తీసి తెస్తామని మాట ఇచ్చాము. రెండు పేజీలకు మించదు. చీలిపోతామంటున్న ఆ పాస్టరేటు పెద్దలను కూడా రమ్మని కబురు పంపాము, ఇంకా జవాబు రాలేదు.